అనుకోకుండా నూటడెబ్భై కిలోమీటర్లు

కొండల్లో గంటల తరబడి పరిగెత్తి వచ్చినవాళ్ళు రాసుకునే అనుభవాలు ఏ భాషలో చదివినా, ఏ కొండ గురించి చదివినా ఒక వాక్యం తప్పకుండా తగులుతుంది: "ఇంత కష్టంగా ఉంటుందని అస్సలు అనుకోలేదు." రాసినవారు ఇంజనీరు కావచ్చు, డాక్టరు కావచ్చు, ఇంటి అప్పుకు ఇరవై ఏళ్ళ వడ్డీ పైసలతో సహా లెక్కగట్టగల బ్యాంకు మేనేజరు కావచ్చు. కొండ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ పాలుగారే పసిపాపలే. కొండ ఎత్తుగా ఉంటుందని పాపం వాళ్ళకు ఎవరూ చెప్పలేదు!

చెప్పలేదా? ఆల్ప్స్ పర్వతాల్లో మోంట్ బ్లాంక్ చుట్టూ జరిగే యూటీఎంబీ పరుగునే చూడండి. ఫ్రాన్సులోని షామొనీలో మొదలై, ఇటలీ, స్విట్జర్లాండ్ తిరిగి మళ్ళీ షామొనీకే చేరాలి. సుమారు 170 కిలోమీటర్ల దారి. ఎక్కాల్సిన ఎత్తులన్నీ కలిపితే దాదాపు 10,000 మీటర్లు. గడువు 46 గంటల 30 నిమిషాలు. అంటే రెండు రాత్రులు నిద్ర సంగతి మరిచిపొమ్మని నిర్వాహకులే గడియారం పట్టుకుని చెబుతున్నారు. ఎక్కడ ఎక్కాలో ఎక్కడ దిగాలో గ్రాఫు గీసి మరీ చూపిస్తారు. దూరపు కొండలు నునుపని మన పెద్దలు అన్నది గ్రాఫులు లేని రోజుల్లో.

పోనీ, గ్రాఫు చూడలేదనుకుందాం. సంచి సర్దుకున్నది తామే కదా! తప్పనిసరిగా మోసుకెళ్ళాల్సిన సామాను జాబితా ఒకటుంది. టోపీ ఉన్న వానకోటు, తలకు కట్టుకునే దీపం, బెణికిన చోట చుట్టుకోవడానికి సాగే కట్టు, ఒళ్ళు చల్లబడితే కప్పుకోవడానికి ప్రాణరక్షక దుప్పటి, ఆపదలో ఊదడానికి ఈల. ఈల! పార్కులో నడకకు వెళ్ళేవాడి జేబులో ఈల ఎందుకు పెట్టించారో ఒక్క క్షణమైనా అనుమానం రాదా? చివరికి బయలుదేరే గీత దగ్గర వాంజెలిస్ కూర్చిన 'కాంక్వెస్ట్ ఆఫ్ ప్యారడైజ్' సంగీతం హోరెత్తిస్తారు. షికారుకు పోయేవాళ్ళను ఆ బాణీతో ఎవరూ సాగనంపరు.

ఒక్క 2003 వాళ్ళను మాత్రం వదిలేస్తాను. అది ఆ పరుగుకు తొలి ఏడు, వాతావరణమూ బాగాలేదు, సుమారు 700 మంది బయలుదేరితే 67 మందే తిరిగి గీత దాటారు. వాళ్ళు ఆశ్చర్యపోయారంటే నమ్ముతాను. ఆ తర్వాత వెళ్ళినవాళ్ళకు ఆ 67 అనే అంకె చాలదూ?

ఇప్పుడైతే ఆ గీత దగ్గరికి చేరడమే పెద్ద తపస్సు. ముందు రాళ్ళు సంపాదించాలి. నిజంగానే వాటిని 'రన్నింగ్ స్టోన్స్' అంటారు. అదే గొలుసుకు చెందిన వేరే పరుగులు పూర్తిచేస్తే రాళ్ళు చేతికొస్తాయి. ఎన్ని రాళ్ళుంటే లాటరీలో అన్ని అవకాశాలు. అంటే ఒక కష్టం దొరకాలంటే ముందు ఇంకో కష్టం పడాలి, దానికీ ఫీజు కట్టాలి, ఆపైన అదృష్టమూ కలిసిరావాలి. రేషన్ కార్డుకు తిరిగినవాడు కూడా ఇన్ని గడపలు తొక్కి ఉండడు. అన్ని గడపలూ తొక్కి వచ్చిన ఆ మహానుభావుడు నూరో కిలోమీటరు దగ్గర బండ మీద కూలబడి, 'ఇదేమిటి, ఇంత కష్టంగా ఉంది!' అని నివ్వెరపోతాడు.

నివ్వెరపోయే సంగతులైనా కొత్తవా అంటే, అవీ కావు. దిగేటప్పుడు తొడ కండరాలు ఒకపక్క సాగుతూనే ఇంకోపక్క ఒంటి బరువును ఆపాలి, అందుకే ఎక్కుడు కంటే దిగుడే వాటిని ఎక్కువగా దెబ్బతీస్తుంది. అలిపిరి మెట్ల దారిన దిగివచ్చి, మర్నాడు సొంత గుమ్మం దిగడానికి గోడ పట్టుకున్న ఎవరిని అడిగినా చెబుతారు. రక్తం కాళ్ళ వైపు పోతే పొట్టకు తక్కువవుతుంది, మింగిన తీపి జెల్లు వచ్చిన దారినే వెనక్కి వస్తుంది. రెండో రాత్రికి నిద్రలేక బండరాళ్ళు మనుషుల్లా కనబడతాయి. ఇవన్నీ నిరుడు పరిగెత్తినవాళ్ళు రాసిపెట్టినవే, వీళ్ళు చదివి 'అద్భుతం' అన్నవే.

మన దేశంలోనూ ఈ ప్రతిభకు కొదవ లేదు. లడఖ్ మారథాన్‌లో భాగంగా 72 కిలోమీటర్ల ఖర్దుంగ్ లా ఛాలెంజ్ ఉంది. 5,300 మీటర్లకు పైనున్న కనుమ దాటాలి. అక్కడ ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రతీరంలో దొరికేదాంట్లో సుమారు సగం. అందుకే ఎన్నో రోజుల ముందే లేహ్ చేరి ఒంటిని అలవాటు చేసుకోమంటారు. హైదరాబాదు నుంచో విశాఖ నుంచో వెళ్ళి, గాలి పల్చగా ఉంటుందని అన్ని రోజులు ఊరికే కూర్చుని, తీరా పరుగు రోజున గాలి పల్చగా ఉందని కనిపెట్టడం అందరివల్లా అయ్యే పని కాదు.

ఎందుకీ నటన? 'డబ్బు కట్టి బాధ కొనుక్కున్నాను, చెప్పినంతా ముట్టింది' అని రాస్తే అది రసీదు అవుతుంది గానీ వీరగాథ కాదు. వీరగాథ కావాలంటే కష్టం తనంతట తాను వచ్చి మీద పడాలి. అందుకని పిలిచి పీట వేసిన కష్టాన్నే దారిదోపిడీగా రాసుకుంటారు. గీత దాటగానే కన్నీళ్ళు, 'ఇంకెప్పుడూ రాను' అని ఒట్టు, వాపు తగ్గకముందే వచ్చే ఏటి లాటరీ తేదీ కోసం వెతుకులాట.

తిరుమల కొండెక్కేవాళ్ళను చూడండి. అలిపిరి నుంచి 3,550 మెట్లు. మోకాళ్ళ పర్వతం దగ్గర మోకాళ్ళ మీద ఎక్కేవాళ్ళూ ఉన్నారు. ఎందుకమ్మా ఈ అవస్థ అంటే, 'పిల్లాడికి ఉద్యోగం వస్తే ఎక్కుతానని మొక్కుకున్నా బాబూ, వచ్చింది, ఎక్కుతున్నా' అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది ఆ తల్లి. ఇంత కష్టమనుకోలేదు అనదు. కష్టం లేకపోతే అది మొక్కెలా అవుతుందని ఆమెకు తెలుసు. మన పరుగువీరుడిదీ మొక్కే. హుండీ ఉంది, నియమాలున్నాయి, ప్రసాదంగా పతకమూ ఉంది. ఏ దేవుడికి మొక్కుకున్నాడో చెప్పడానికే మొహమాటం. ఆ దేవుడు ఫోన్లో ఉంటాడు మరి.

నిజంగా అనుకోనిది ఎలా ఉంటుందో 2021 మే 22న చైనాలోని గన్సు ప్రావిన్సులో తెలిసింది. 100 కిలోమీటర్ల కొండ పరుగు, 172 మంది. పైకి చేరాక వాతావరణం ఉన్నట్టుండి తిరగబడింది: ఈదురుగాలి, వడగళ్ళు, గడ్డకట్టే వాన. గాలిని ఆపే కోటును తప్పనిసరి సామానులో చేర్చలేదు. చాలామంది పల్చటి బట్టల్లోనే ఉన్నారు. 21 మంది చనిపోయారు. ఆరుగురిని కాపాడినవాడు గొర్రెలు కాసుకోవడానికి వచ్చిన ఒక కాపరి. తాను తలదాచుకున్న గుహలోకి వాళ్ళను చేర్చి నిప్పు రాజేశాడు. ఆపత్కాలానికని బట్టలూ తిండీ ఆ గుహలో ముందే దాచిపెట్టుకున్నాడట. కొండను నమ్ముకున్నవాడు కొండను నమ్మడు. 'అనుకోలేదు' అనే హక్కు ఉన్నవాళ్ళలో ఆ 21 మంది అనుభవం రాసుకోవడానికి మిగల్లేదు. ఆ మాట అనకూడని నిర్వాహకులు మాత్రం మిగిలారు.

ఈ గుంపులో నాకు గిట్టే పరుగు ఒకటే ఉంది. అమెరికాలోని టెనెసీ అడవుల్లో జరిగే బార్క్‌లీ మారథాన్స్. దాని పుట్టుకే ఎకసెక్కెం. మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిన జేమ్స్ ఎర్ల్ రే 1977లో అక్కడి బ్రషీ మౌంటెన్ జైలు నుంచి పారిపోయి, రెండు రోజులకు పైగా అడవిలో పడి తిరిగి, ఎనిమిది మైళ్ళ లోపే దొరికిపోయాడు. అంత సమయంలో నేనైతే నూరు మైళ్ళు పోతానన్నాడు గ్యారీ కాంట్రెల్ అనే ఆయన. 1986లో పరుగే పెట్టేశాడు. దరఖాస్తు రుసుము డాలరూ అరవై సెంట్లు. ఎంపికైనవారికి వచ్చేది అభినందన కాదు, సంతాప లేఖ. ఆయన సిగరెట్టు ముట్టిస్తే పరుగు మొదలైనట్టు. ఐదు చుట్లు, 60 గంటలు. దారి గుర్తులుండవు, అడవిలో దాచిన పుస్తకాల్లోంచి తమ నంబరు పేజీ చించుకుని తేవాలి. మూడు చుట్లతో ఆగితే దానికి 'సరదా పరుగు' అని పేరు. 2024లో జాస్మిన్ పారిస్ ఇంకా 99 సెకన్లు మిగిలుండగా పూర్తిచేసి, అది సాధించిన తొలి మహిళ అయింది. 2025లో ఒక్కరూ పూర్తిచేయలేదు. మధ్యలో మానుకుని వచ్చినవారికి సైనికుల అంత్యక్రియల్లో వాయించే బాణీని బూర మీద ఊదుతారు.

ఆ బూర ఊదే మనిషిని మిగతా పరుగులకూ పంపించాలని నా మనవి. మానుకున్నవాళ్ళ కోసం కాదు, వాళ్ళు నిజాయితీపరులు. పూర్తిచేసి, పతకం మెడలో వేసుకుని, మైకు అందుకుని 'అసలు అనుకోలేదండీ...' అని మొదలుపెట్టేవాళ్ళ కోసం. రెండో వాక్యం మన చెవిన పడకూడదు.