బ్రాడ్‌వే సంబంధం

2012 వేసవిలో ఒక ఆదివారం చికాగో దగ్గరి అరోరా బాలాజీ గుడి క్యాంటీన్‌లో పులిహోర తింటుంటే, తెలిసిన పెద్దాయన ఒకరు కుర్చీ లాక్కుని నా పక్కకి చేరారు. ఆ మొహంలో వెలుగు చూసి వాళ్ళమ్మాయికి సంబంధం కుదిరిందనుకున్నాను.

"విన్నారా? మన చికాగో నాటకాన్ని బ్రాడ్‌వేకి తీసుకెళ్ళాలంటున్నారు. వెళ్ళాలి కదండీ మరి! ఎన్నాళ్ళని ఇక్కడ పడుంటుంది?"

ఆ 'పడుంటుంది' దగ్గరే నాకు పొలమారింది.

పాపం, ఇక్కడ పడున్న ఆ నాటకం పేరు 'ది ఐస్‌మాన్ కమెత్'. యూజీన్ ఓనీల్ రాసింది. గుడ్‌మన్ థియేటర్‌లో రాబర్ట్ ఫాల్స్ దాన్ని మళ్ళీ ఎక్కించాడు. నిడివి దాదాపు అయిదు గంటలు. చింతామణి చూసి తెల్లారాక చాప చుట్టుకుని ఇంటికెళ్ళిన జాతి మనది, మనకదొక లెక్కా? బ్రయన్ డెనెహీ ఉన్నాడందులో. న్యూయార్కు రంగస్థలం మీద పేరుమోసిన నేథన్ లేన్ చికాగో వచ్చి మరీ హికీ వేషం కట్టాడు. అంటే పెళ్ళికొడుకు వైపువాళ్ళే పిల్ల గుమ్మంలోకి నడిచొచ్చారన్నమాట. అయినా సరే, జనం లేచి చప్పట్లు కొట్టి, అవి ఆగకముందే అడిగిన మాట ఒకటే: న్యూయార్కు ఎప్పుడు?

మన ఇళ్ళల్లో పిల్ల డిగ్రీ పాసైతే, బాగా చదివిందనే ముందే "అమెరికా సంబంధాలు చూస్తున్నారా?" అంటారు. అమెరికాలో పుట్టిన నాటకానికి ఆ బాధ ఉండదనుకున్నాను. ఉందట. అమెరికాలో ఉన్నదానికి కూడా ఒక అమెరికా సంబంధం కావాలట. దాని పేరు బ్రాడ్‌వే.

పెళ్ళికొడుకు గుణగణాలు వినండి. నివాసం మన్‌హట్టన్. ఆస్తి నలభై చిల్లర థియేటర్లు, ఒక్కోదాంట్లో అయిదొందలకి తగ్గకుండా సీట్లు. ఆ గడప తొక్కని నాటకానికి టోనీ అవార్డుల పోటీలో పేరే ఉండదు. చికాగో, మినియాపొలిస్, సియాటిల్, మిగతా దేశమంతటికీ కలిపి 1976 నుంచి ఏటా ఒక 'ప్రాంతీయ థియేటర్' బహుమతి ఇస్తున్నారు. స్కూలు వార్షికోత్సవంలో ఏ పోటీలోనూ గెలవని పిల్లాడికి సబ్బుపెట్టె ఇచ్చినట్టు. పైగా 'ప్రాంతీయం' అట! టైమ్స్ స్క్వేర్ ఏ ప్రాంతంలోనూ లేదు కాబోలు, త్రిశంకుడి పక్కన వేలాడుతోంది.

ముహూర్తాల పిచ్చి మనకే ఉందనుకోకండి. ఇదే గుడ్‌మన్ 1998లో ఆడిన 'డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్' బ్రాడ్‌వేలో కుడికాలు పెట్టింది 1999 ఫిబ్రవరి 10న. అది మొట్టమొదట బ్రాడ్‌వేలో అడుగుపెట్టింది 1949 ఫిబ్రవరి 10న. చికాగోలోనే స్టెపెన్‌వుల్ఫ్ వారి 'హూ ఈజ్ అఫ్రెయిడ్ ఆఫ్ వర్జీనియా వుల్ఫ్?' అక్కడ మొదలైంది 2012 అక్టోబర్ 13న. అసలు నాటకం తొలి ప్రదర్శన 1962 అక్టోబర్ 13. సరిగ్గా యాభై ఏళ్ళకి, తేదీ కూడా పొల్లుపోకుండా. మన పురోహితులు సైతం ఇంత పట్టింపుగా ఉండరు.

నిజం చెప్పొద్దూ, మొదటి కాపురం పచ్చగా సాగింది, టోనీలతో ఇల్లు నిండింది. రెండోది మార్చిలోనే పెట్టే బేడా సర్దుకుంది. జూన్‌లో టోనీలొచ్చాయి, ఉత్తమ నటుడి పోటీలో టామ్ హాంక్స్‌ని కూడా పక్కకి నెట్టి. మాసికానికి శాలువా కప్పడమంటే ఇదే. ఇక 2009లో గుడ్‌మన్ నుంచే వెళ్ళిన ఓనీల్ నాటకం 'డిజైర్ అండర్ ది ఎల్మ్స్' సంగతి. సారె కింద వేదిక నిండా బండరాళ్ళు, తాళ్ళకి వేలాడే ఇల్లు పంపారు. పదహారు రోజుల పండగైతే అయింది గానీ, నెల తిరక్కుండానే తెర దించేశారు.

సరే, పిల్లనిచ్చినవాళ్ళకేం దక్కింది? వాషింగ్టన్‌లో అరీనా స్టేజ్ 1967లో 'ది గ్రేట్ వైట్ హోప్' అనే కొత్త నాటకాన్ని చేతిచమురు వదిలించుకుని ఎక్కించింది. మరుసటేడు అది బ్రాడ్‌వేకి వెళ్ళింది. పులిట్జరొచ్చింది, టోనీ వచ్చింది, సినిమా కూడా అయింది. లాభంలో అరీనాకి పైసా రాలేదు. కన్యాశుల్కంలో సుబ్బిని లుబ్ధావధాన్లుకి కట్టబెట్టడానికి మన అగ్నిహోత్రావధాన్లు పద్ధెనిమిది వందలు పుచ్చుకోజూశాడు. దుర్మార్గుడే గానీ లెక్క తెలిసినవాడు. ఆ తర్వాత ఊళ్ళ థియేటర్లు తెలివి తెచ్చుకుని వాటాలు రాయించుకుంటున్నాయి. అంటే సంబంధం మానలేదు, శుల్కం అడగడం నేర్చుకున్నాయి.

అసలు 'న్యూయార్కు ఎప్పుడు?' అన్న ప్రశ్నకి జవాబు ఓనీల్ ఐస్‌మాన్‌లోనే రాసిపెట్టాడు. 1912 నాటి న్యూయార్కు సారాకొట్టు. యజమాని హ్యారీ హోప్ ఇరవయ్యేళ్ళుగా గడప దాటలేదు, రేపు దాటతానంటాడు. హికీ అనే సేల్స్‌మన్ వచ్చి, ఆ రేపు ఇవాళేనంటూ ఊదరగొట్టి బయటికి తోలతాడు. హోప్ నడివీధి దాకా వెళ్ళి, హడలిపోయి, వెనక్కి పరుగెత్తుకొచ్చి, కారు గుద్దబోయిందంటాడు. అక్కడ కారూ లేదు, గీరూ లేదు. ఆ తర్వాత కొట్టులో మందు కూడా ఎక్కదు ఎవరికీ. ఇదంతా అయిదు గంటలు కళ్ళారా చూసి, బయటికొచ్చి "దీన్ని కూడా తోలండి న్యూయార్కుకి" అన్నారంటే, నాటకం మొత్తంలో వాళ్ళకి నచ్చినవాడు హికీ ఒక్కడేనన్నమాట.

ఇంకో చోద్యం. ఈ పిల్ల బ్రాడ్‌వే కాపురం అదివరకే చేసి వచ్చింది. 1946లో అక్కడే మొదలై 136 ఆటలకి మూతపడింది. పదేళ్ళ తర్వాత గ్రీనిచ్ విలేజ్‌లో సర్కిల్ ఇన్ ది స్క్వేర్ అనే చిన్న చోట హోసె కింటేరో దాన్ని మళ్ళీ ఆడించాడు. 565 ఆటలు! పెద్ద పందిట్లో వాడిన తీగ పెరట్లో మారాకు వేసింది. ఓనీల్‌ని నిలబెట్టింది ఆ పెరడే. అయినా పందిరి మోజు పోదు.

పందిరి కింద కూర్చునేదెవరు? సగానికి పైగా పర్యాటకులు. పొద్దున లిబర్టీ విగ్రహం, రాత్రికి బస్సు, మధ్యలో ఖాళీ ఉంటే నాటకం. వాళ్ళని తప్పుపట్టను, నేనూ అలాగే వెళ్ళాను. కానీ ఏళ్ళ తరబడి చందాలు కట్టి, మంచులో కారు తోలుకొచ్చి, ఆడని నాటకాలు కూడా చూసి ఆ థియేటర్ని బతికించిన చికాగోవాడి చప్పట్లు చప్పట్లు కావా? వాటి మీద న్యూయార్కు తాసిల్దారు ముద్ర పడితేగానీ చెల్లవా?

మనమేం తక్కువ తినలేదు. 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి నాటక సమాజం నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో ఆడుతుంటే గేటు ముందునుంచే బస్సెక్కి ఇంటికెళ్ళినవాళ్ళం. 2013లో వాళ్ళు ఫ్రాన్సులో ఆడొచ్చారని తెలిశాక 'మన సురభి' అన్నాం.

బ్రాడ్‌వేకి ఏదీ వెళ్ళకూడదని నా గోల కాదు. వెళ్ళేది వెళ్తుంది, శుభం. దాన్ని ప్రమోషన్ అనకండి, అంతే. బదిలీ అనండి. గవర్నమెంటు ఉద్యోగం చేసినవాళ్ళకి రెంటికీ తేడా బాగా తెలుసు.

ఇందులో అప్పటికి జరిగినదంతా ఆ రోజు క్యాంటీన్‌లో చెప్పి, చివర్లో పెద్దాయన్ని అడిగాను.

"ఇంతకీ మీరు చూశారా?"

"లేదండీ. ఎలాగూ బ్రాడ్‌వేకొస్తుంది కదా, అక్కడే చూద్దామని ఆగాను."

అరోరాలో రైలెక్కితే గంటన్నరలోపు యూనియన్ స్టేషన్. అక్కణ్ణుంచి గుడ్‌మన్‌కి నడిచి వెళ్ళొచ్చు.

గుడ్‌మన్ ఐస్‌మాన్ బ్రాడ్‌వే గడప తొక్కలేదు. 2015లో వంతెన దాటి బ్రూక్లిన్‌లో కొన్ని వారాలు ఆడి, గౌరవంగా ముగిసింది. 2018లో బ్రాడ్‌వేలో అదే పేరుతో ఇంకో ప్రదర్శన వచ్చింది. దర్శకుడు వేరు, నటులు వేరు, నిడివి కూడా నాలుగు గంటల్లోపుకి దిగింది. పైన బోర్డు మీద డెంజెల్ వాషింగ్టన్.

ఆ వేసవిలో పెద్దాయన వాట్సాప్‌లో ఫోటో పంపారు. ఆ బోర్డు కింద ఆయనా, ఆవిడా. దాని కింద ఒక వాక్యం:

"చివరికి మన చికాగో నాటకం చేరాల్సిన చోటికి చేరిందండీ!"