పూర్తిపేరు మాస్టారు

కంది పూతకొచ్చే రోజుల్లో మార్కాపురంలో ఏ పురుగుమందుల షాపు ముందు నిలబడ్డా ఈయన తగులుతారు. గిద్దలూరులోనూ ఉంటారు, కంభంలోనూ ఉంటారు. మనిషి వేరు, తీరు ఒకటే. రిటైరైన సైన్సు మాస్టారు. తర్లుపాడు దారిలో మూడెకరాల కంది. భుజాన తువ్వాలు, జేబులో భూతద్దం.

ముందున్న రైతు "కోరాజెన్ 60 ఇయ్యన్నా" అని డబ్బు కట్టి పోతాడు. మాస్టారు గొంతు సవరించుకుంటారు. "క్లోరాంట్రానిలిప్రోల్, పద్దెనిమిదిన్నర శాతం ఎస్సీ." కుర్రాడు అదే సీసా తీసి బల్ల మీద పెడతాడు. అంతటితో వదిలేస్తే ఆయన మాస్టారెట్టా అవుతారు?

"పేరు చెప్పు అబ్బీ."

"క్లోరా... ట్రాలీ..."

"ట్రాలీ కాదు, ట్రాక్టరూ కాదు! క్లో, రాం, ట్రా మూడూ గురువులు, మగణం. ని లఘువు. వెనక 'ప్రో' ఉంది గనక లి గురువు. ప్రోల్ ఇంకో గురువు. యగణం. రెండు గణాలకే నోరు తిరగదా?"

ఆ తర్వాత పోస్టుమార్టం. మొదట్లోది క్లోరిన్. చివర్లోది పైరజోల్, కుదించారు. నడుమది ఆంత్రానిలిక్ ఆమ్లం. 1841లో ఫ్రిట్షే దాన్ని నీలిమందులోంచి రాబట్టాడు. అందులోని 'నిల్' మన నీలమే, అరబ్బుల నోట పడి యూరప్ వెళ్లి, సీసా ఎక్కి తిరిగొచ్చింది. ఇదంతా పొట్టి పేరు సంగతి. అసలు పేరు "త్రీ-బ్రోమో-ఎన్-ఫోర్-క్లోరో-టూ-మిథైల్" అంటూ మొదలవుతుంది; ఆయన పైరజోల్ చేరేలోపు వెనక ఇద్దరు యూరియా వేసుకుని వెళ్లిపోతారు.

షాపాయనకి పాఠంతో పేచీ లేదు. పేచీ అంతా భూతద్దంతో. ఎవరో రైతు రెండు కంపెనీల సీసాలు పట్టుకుని దిగబోతుంటే మాస్టారు ఆపుతారు. అట్ట మీద చీమ తలకాయంత అక్షరాలు కూడబలుక్కుని, "రెండిట్లోనూ ఒకటే మందు నాయనా, ఒకటి తిరిగిచ్చెయ్" అంటారు. (ఊళ్లో ఆయన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకునేది ఈ ఒక్క పనికే.) రైతు తిరిగిస్తాడు. షాపాయన ఫ్యాను స్పీడు పెంచుకుంటాడు.

ఇక బిల్లు. "క్లోరో" అని రాస్తే ఒప్పుకోరు. "క్లోరో అంటే ఈడ క్లోరిపైరిఫాస్ అనుకుంటారు. పూర్తిగా రాయి." పేరు తన గడి దాటి, మోతాదు గడి తొక్కి, ధర గడిలోకి జొరబడుతుంది.

"సార్, ఇంక రేటు యాడ రాయాల?"

"కింది వరసలో. ముందు ఆ 'ట్రా'కి దీర్ఘం పెట్టు."