చచ్చిన బండికి దిష్టి నిమ్మకాయ

ఆదోని, ఎమ్మిగనూరు వైపు సెకండ్‌హ్యాండ్ కారు కొనడం ఒక శాస్త్రం. దానికి పుస్తకం లేదు గానీ పండితులకు కొదవ లేదు. పత్తి డబ్బులు చేతికొచ్చిన ఇంటి ముందు పాత స్విఫ్టు ఒకటి వచ్చి ఆగిందంటే చాలు, వీధిలో సగంమంది మెకానిక్కులైపోతారు. ఒకాయన టైరును కాలితో తన్నుతాడు. ఆ తన్నుకు టైరు ఏం జవాబు చెప్పిందో ఆయనకే ఎరుక. ఇంకొకాయన బానెట్ ఎత్తించి, ఆయిల్ మూత తీయించి, వాసన చూసి తలూపుతాడు. మూడో ఆయన తలుపు వేసి తీసి, తీసి వేసి, "సౌండు గట్టిగుందప్పా" అని సర్టిఫికెట్ ఇస్తాడు. ఏసీ ముందు చెయ్యి పెట్టేవాళ్ళు, హారన్ కొట్టేవాళ్ళు, డిక్కీలోకి తల దూర్చి స్టెప్నీని పరామర్శించేవాళ్ళు సరేసరి.

ఇంజనీరింగు అయ్యాక జ్యోతిషం మొదలవుతుంది. ఈ రంగు ఇంటి యజమాని రాశికి పడుతుందా? నంబరులో అంకెలు కూడితే ఎంతొస్తుంది? తొమ్మిది వస్తే పండగే. ఎనిమిది వస్తే బేరం అక్కడే ఆగిపోతుంది, లేదా పదివేలు తగ్గుతుంది. విచిత్రం ఏమిటంటే, ఆ నాలుగంకెలు కూడి, గుణించి, మురిసిపోయే మనిషి అదే నంబరును ఒక్కసారి ఫోనులో కొట్టి చూడడు. ఆ బండి ప్రభుత్వ రికార్డులో బతికే ఉందా, లేక ఎప్పుడో తుక్కు కింద రద్దయిపోయిందా అన్న ప్రశ్న మన శాస్త్రంలో లేదు.

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతరలో ఎద్దును కొనే రైతును చూడండి. పళ్ళు లెక్కపెడతాడు. సుడులు వెతుకుతాడు. నాలుగడుగులు నడిపిస్తాడు. తువ్వాల కింద వేళ్ళు పట్టుకుని బేరమాడతాడు. ఇంత చూసినా ఎద్దు బతికుందా లేదా అని మాత్రం అడగడు. అక్కర్లేదు, అది కంటికి కనిపిస్తుంది. కారుతో వచ్చిన చిక్కల్లా అక్కడే. అది చచ్చాక కూడా నడుస్తుంది. ఏసీ కూడా పనిచేస్తుంది.

ఇక అమ్మేవాళ్ళ వైపు చూద్దాం. ఆటో కన్సల్టెన్సీ ముందు కుర్చీ వేసుకు కూర్చున్న అన్న నోట ఒకే మాట: "పేపర్లన్నీ క్లియర్ అన్నా." క్లియర్ అయిన ఆ పేపర్లేవంటే, ఆర్‌సీకి ఒక కలర్ జిరాక్సు, ఇన్సూరెన్సు జిరాక్సుకి ఇంకో జిరాక్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ ఒకటి. వీటితో పాటు ఎవరో ఎక్కడో ఖాళీగా సంతకాలు చేసిచ్చిన పేరు మార్పిడి కాగితాలు, ఫారం 29, ఫారం 30. ఆ సంతకం పెట్టిన మహానుభావుణ్ణి ఎవరూ చూసి ఉండరు. ఎవరయ్యా ఆయన అంటే "డాక్టరు వాడిన బండి" అంటారు. మా వైపు అమ్మకానికొచ్చే ప్రతి బండీ డాక్టరు వాడినదే. ఈ లెక్కన ఇక్కడి డాక్టర్లు వైద్యం మానేసి కార్లు అమ్ముకుని బతుకుతున్నారనుకోవాలి.

నంబరు కేఏ 34 అనో కేఏ 36 అనో ఉంటే దానికో స్థలపురాణం. బళ్ళారి బండి, రాయచూరు బండి, "అక్కడోళ్ళు బాగా మెయింటేన్ చేస్తారప్పా." మరి అక్కడి ఆర్టీఓ ఇవ్వాల్సిన ఎన్‌ఓసీ? "వారంలో వచ్చేస్తాది." ఆ వారం ఎన్ని నెలలుంటుందో పంచాంగకర్తలకు కూడా అంతు చిక్కలేదు. పక్క రాష్ట్రపు బండి ఏడాదికి మించి ఇక్కడే తిరిగితే ఇక్కడి నంబరు వేయించుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతుంది. చట్టం చెబుతూనే ఉంటుంది, బండి తిరుగుతూనే ఉంటుంది, ఇద్దరికీ ఎదురుపడే అవసరం రాదు.

బండి చచ్చిపోవడం ఎన్ని రకాలో కూడా మనం పట్టించుకోం. మొదటిది పద్ధతైన చావు. 2021 సెప్టెంబరులో కేంద్రం వాహనాల తుక్కు కేంద్రాలకు నిబంధనలు తెచ్చింది. గుర్తింపు పొందిన కేంద్రంలో బండి ఇస్తే, అది దొంగబండి కాదని రికార్డులు చూసుకుని, డిపాజిట్ సర్టిఫికెట్ ఇచ్చి, ముక్కలు చేశాక తుక్కు సర్టిఫికెట్ ఇస్తారు. చాసిస్ నంబరు ఉన్న ముక్కను కోసి ఆరు నెలలు దాచిపెట్టాలి. చనిపోయిన మనిషికి కూడా మనం ఇంత శ్రద్ధగా కాగితాలు రాయం. ఆ డిపాజిట్ సర్టిఫికెట్ చూపిస్తే కొత్త సొంత కారు పన్నులో 25 శాతం దాకా రాయితీ ఇవ్వొచ్చని కూడా అన్నారు.

రెండోది మన పద్ధతి. పాత ఇనుము కొట్టుకి తోసుకెళ్ళి కిలోల లెక్కన అమ్మేయడం. గ్యాస్ కట్టర్ తన పని తాను చేసుకుపోతుంది. ఆర్‌సీ మాత్రం ఇంట్లో బీరువాలో, పట్టుచీరల కింద క్షేమంగా ఉంటుంది. బండి నాశనమైతే 14 రోజుల్లో ఆర్టీఓకి తెలియజేసి ఆర్‌సీ అప్పగించాలని 55వ సెక్షన్ అంటుంది. అంటే అనిందిలే. ఒళ్ళు కాలిపోయింది, పేరు బతికుంది. ఇలాంటి పేర్ల కోసం ఎదురుచూసే మహాత్ములు దేశమంతా ఉన్నారు. అదే మోడలు, అదే రంగు బండి ఒకటి ఎక్కడో దొంగిలించి, దాని చాసిస్ నంబరు చెరిపి, చచ్చినదాని నంబరు గుద్ది రోడ్డెక్కిస్తారు. పరకాయ ప్రవేశం శంకరాచార్యులతోనే ఆగిపోయిందనుకోవడం మన అమాయకత్వం.

మూడోది ఇన్సూరెన్సు చావు. రిపేరు ఖర్చు బండి బీమా విలువలో 75 శాతం దాటితే కంపెనీ దాన్ని 'టోటల్ లాస్' అంటుంది. యజమానికి డబ్బు, బండి వేలానికి. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలునూ మంత్రాలయాన్నీ ముంచింది. 2015 డిసెంబరులో చెన్నై, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ. నీళ్ళు తగ్గుతాయి, బురద కడుగుతారు. వేలంలో పోయిన బండ్లు ఆవిరైపోవు కదా, ఎక్కడో ఒకచోట సీట్ కవర్లు మార్చుకుని, సెంటు పూసుకుని, 'నాన్ యాక్సిడెంట్' అనే బోర్డు తగిలించుకుని నిలబడతాయి. నిజమే, యాక్సిడెంటు కాలేదు. మునిగింది అంతే.

ఇవన్నీ చిన్నవాళ్ళ తెలివితేటలు. పెద్ద తెలివి ఎలా ఉంటుందని పోలీసులు ఆరోపించారో తెలియాలంటే పక్కనే ఉన్న తాడిపత్రి కేసు చూడాలి. 2017 ఏప్రిల్ 1 నుంచి పాత కాలుష్య ప్రమాణాల బీఎస్-3 వాహనాలు అమ్మకూడదు, రిజిస్టరు చేయకూడదని అంతకు మూడు రోజుల ముందు సుప్రీంకోర్టు చెప్పింది. అమ్ముడుపోని లారీలు కంపెనీల దగ్గర మిగిలాయి. అలాంటి 154 అశోక్ లేలాండ్ లారీలను తుక్కు కింద కొని, నకిలీ కాగితాలతో బీఎస్-4 అని నాగాలాండ్‌లో రిజిస్టరు చేయించి, ఎన్‌ఓసీలతో ఆంధ్రకు తెచ్చారన్నది అభియోగం. 2020 జూన్ 13న మాజీ ఎమ్మెల్యే జేసీ ప్రభాకర్ రెడ్డినీ, ఆయన కుమారుడు అస్మిత్ రెడ్డినీ అరెస్టు చేశారు. 2022 నవంబరులో ఈడీ 22.10 కోట్ల ఆస్తులు జప్తు చేసింది. ఇదంతా రాజకీయ కక్ష అని వాళ్ళ వాదన. ఎవరిది నిజమో కోర్టులు తేల్చాలి.

నాకు ముచ్చటేసేది కేసులోని ఊహ. ఒక లారీ తమిళనాడు కంపెనీ కాగితాల్లో తుక్కు. నాగాలాండ్ పుస్తకంలో కొత్త పెళ్ళికూతురు. రాయలసీమ రోడ్డు మీద పదహారు టన్నుల లోడు. మూడు రాష్ట్రాలకూ ఒకే నంబరు చూసే అవకాశం ఉంది. అయినా ఇంత పెద్ద కథ అల్లగలరని పోలీసులే నమ్మారంటే, పుస్తకాన్ని ఎవరూ తెరిచి చూడరన్న నమ్మకం ఈ దేశంలో ఎంత గట్టిదో అర్థమవుతుంది.

పుస్తకం తెరవడం కష్టమా? ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే బండి బతికుందో, రద్దయిందో, ఎన్‌ఓసీ తీసుకుని వెళ్ళిపోయిందో, ఫైనాన్సు ఉందో, రిజిస్ట్రేషన్ గడువెప్పుడో చెప్పేస్తుంది. యజమాని పేరు సగం చుక్కలతో సిగ్గుపడుతూ కనిపిస్తుంది. పోయిన బండా కాదా అన్నది జాతీయ నేర రికార్డుల బ్యూరో 'వాహన్ సమన్వయ్'లో చూడొచ్చు. ఆపైన అసలు ఆర్‌సీ తెప్పించి, దాని చాసిస్ నంబరును బండి మీద చెక్కిన నంబరుతో పోల్చుకోవాలి. చెక్కినచోట గ్రైండరు గీతలు కనిపిస్తే బండి దిగి నడుచుకుంటూ ఇంటికి పోవాలి. ఇంకా అనుమానముంటే ఆర్టీఓ ఆఫీసు ఉంది. మొత్తం పని ఒక టీ చల్లారేలోపు మొదలై, మహా అయితే ఒక పూటలో పూర్తవుతుంది. అదే పూటలో మనవాళ్ళు రాహుకాలం రెండుసార్లు చూసుకుంటారు.

కన్సల్టెన్సీ అన్ననూ ఒక మాట అడగొచ్చు. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాలు కొని అమ్మే డీలర్లు ఆర్టీఓ దగ్గర అనుమతి తీసుకోవాలి. బండి తమ చేతికొచ్చినట్టు ఫారం 29సీ ద్వారా తెలియజేయాలి. అప్పటినుంచి అమ్ముడయ్యేదాకా దాని బాధ్యత డీలరుదే. "మీకు ఆ అనుమతి ఉందా అన్నా?" అని మర్యాదగా అడిగి చూడండి. అంతదాకా మీకు తెప్పించిన టీ డబ్బులు కూడా ఆయన లెక్కలోకి వచ్చేస్తాయి.

ప్రభుత్వానికీ వాటా ఇవ్వకపోతే అన్యాయం. 15 ఏళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుము 600 నుంచి 2022 ఏప్రిల్‌లో 5,000 అయింది. 20 ఏళ్ళు దాటితే 10,000 అని 2025లో అన్నారు. జనం పాతబండిని వదిలించుకోవాలనే ఈ భయం పెట్టడం. భయపడ్డవాడు ఏం చేస్తాడు? దూరాన ఉన్న గుర్తింపు కేంద్రానికి బండిని ట్రక్కెక్కించి పంపుతాడా, వీధి చివర ఇనుము కొట్టుకి తోస్తాడా? పత్తి గింజ నూనె ఎంత తేలిగ్గా పిండాలో తెలిసిన ఊరికి ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. నిబంధన ఢిల్లీలో పుడుతుంది, గ్యాస్ కట్టర్ మన వీధిలో మోగుతుంది.

"మేమేమన్నా హైదరాబాదు పోతామా? ఆదోనికీ ఎమ్మిగనూరుకీ మధ్య తిప్పుకునేదానికి ఇన్ని రూల్సా?" అనేవాళ్ళున్నారు. వాళ్ళ ధైర్యం మెచ్చుకోవాల్సిందే. ఆ రోడ్డు మీద గేదె అడ్డం రావడానికి ఆర్‌సీ చూడదు. రిజిస్ట్రేషన్ లేని బండి నడిపితే మొదటిసారి 5,000 దాకా జరిమానా, మళ్ళీ దొరికితే ఏడాది దాకా జైలు లేదా 10,000 దాకా జరిమానా. అది చిన్న నష్టం. చెల్లుబాటయ్యే రిజిస్ట్రేషన్ లేని బండికి ప్రమాదం జరిగితే సొంత నష్టం క్లెయిమ్ ఇవ్వనవసరం లేదని 2014లో నరీందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అమ్మినవాడూ చేతులు దులుపుకుని నిద్రపోవడానికి లేదు. రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారానికి వాళ్ళే బాధ్యులని 2018లో నవీన్ కుమార్ కేసులో అదే కోర్టు చెప్పింది. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టిచ్చిన ఆ 'డాక్టరు' గారికి ఎవరైనా ఈ సంగతి చెబితే పుణ్యం.

అయినా కొన్న రోజున మన హడావిడి చూడాలి. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. ముందు గుమ్మడికాయ. అద్దానికి పసుపు బొట్టు. అట్నుంచటు ఉరుకుంద ఈరన్న స్వామి గుడికి, మర్నాడు మంత్రాలయానికి. ఈరన్న స్వామి సత్యం గల దేవుడే. కానీ రద్దయిన ఆర్‌సీని బతికించిన మహిమ ఇంతవరకు ఎక్కడా వినలేదు. పైగా దిష్టి తగలాలంటే ముందు ఆ బండి ఉండాలి కదా.

ఇంత తెలిసీ ఎందుకు చూడం? ఫోను లేకనా? ఆ ఫోనులో కారు ఫొటో పన్నెండు కోణాల్లో తీసి బంధువులందరికీ పంపుతాం. చదువు రాకనా? పిల్లలంతా ఇంజనీర్లే. అసలు కారణం అందరికీ తెలుసు, ఎవరూ నోరు తెరవరు. ఐదు లక్షలకు పోయే బండి రెండు లక్షలకు వస్తోంది. ఎందుకొస్తోందని అడిగితే అవతలివాడు నిజం చెప్పేస్తాడేమోనని భయం. నిజం తెలిస్తే బేరం వదులుకోవాలి. అందుకే టైరు తన్నుతాం, హారన్ కొడతాం, నంబరు కూడతాం. జవాబు చెప్పని ప్రశ్నలన్నీ ఓపిగ్గా అడిగి, జవాబు చెప్పే ఒక్కదాన్ని జాగ్రత్తగా తప్పించుకుంటాం. ఈ చీకట్లోనే మూడు లక్షల తగ్గింపు ఉంది. కన్సల్టెంటు మనకు అమ్ముతున్నది కారని అనుకుంటాం గానీ, ఆయన నిజానికి అమ్ముతున్నది తెలుసుకోకుండా ఉండే సుఖం.

కాబట్టి రేపు ఏ చెక్‌పోస్టు దగ్గరో బండి ఆపి, నంబరు కొట్టి, "ఇది తుక్కు కింద రద్దయింది" అని ఎస్సై అంటే "మోసపోయాను సార్" అని మాత్రం అనకండి. తక్కువకు వస్తోందని మీకు తెలుసు. ఎందుకు తక్కువకు వస్తోందో కనుక్కోకూడదనీ తెలుసు. ఇన్ని తెలిసినవాణ్ణి మోసం చేయడం ఏ కన్సల్టెంటు వల్లా కాదు.