రోడ్లు పోయిన సారథి

డల్లాస్ చుట్టుపక్కల తెలుగువాళ్ల పాట్‌లక్ ఏదైనా చూడండి, గారెల ట్రే పక్కన ఒకాయన నిలబడి ఉంటాడు. అసలు పేరు ఏదైనా కానివ్వండి, మేము సారథి అంటాం. కొత్తగా వచ్చిన పిల్లలెవరైనా, "న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్ దాకా కార్లో వెళ్లారా అంకుల్?" అంటే, "లెక్కలేనన్ని సార్లు. రాత్రి భోంచేసి బయల్దేరితే నిద్రవేళకి పసిఫిక్ సముద్రం" అంటాడు. పిల్లలు నోరు తెరిచేలోపు వాళ్లావిడ, "కంప్యూటర్లోలే నాన్నా, కూర వేసుకో" అంటుంది.

ఆ కంప్యూటర్లోని అమెరికా పేరు 'ది క్రూ'. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో తయారై 2014 డిసెంబరులో వచ్చిన కార్ల పందేల ఆట. కథ డెట్రాయిట్‌లో మొదలవుతుంది, తర్వాత దేశమంతా మనదే. ఒక్కటే మెలిక. ఒంటరిగా ఆడుకున్నా సరే, కంపెనీ సర్వర్‌తో లంకె తెగకూడదు. మనింట్లో పొయ్యి వెలిగించడానికి రోజూ పక్కూరి మునసబు దగ్గర అగ్గిపుల్ల తెచ్చుకున్నట్టు. మునసబు ఉన్నన్నాళ్లూ ఆ సంగతి సారథికి తట్టలేదు.

2023 డిసెంబరులో ఆటను దుకాణాల్లోంచి తీసేశారు. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. ఆ చివరిరోజు సారథి ఆటలోని డల్లాస్‌కి వెళ్లాడు. ఊరుంది గానీ, కుదించిన దేశం కదా, తన వీధి లేదు. దానికోసం తొమ్మిదేళ్లు వెతికినవాడు, ఆరోజు అందాజుగా తన ఇల్లు ఉండాల్సిన చోట కారు ఆపి, హెడ్‌లైట్లు వెలిగించే ఉంచి, కుర్చీలో కూర్చుండిపోయాడు. వాళ్లావిడ పాల ప్యాకెట్ తెమ్మంటే, నిజం కారు తీయడానికి మనసొప్పలేదట.

ఏడాది తిరిగేసరికి పంతులుగారికి ఫోన్. "తిథి ఏ దేశం టైము ప్రకారం చూడాలండీ? పుట్టింది ఫ్రాన్స్, మేం పోగొట్టుకున్నది టెక్సాస్‌లో." పంతులుగారు పాపం, పోయినవారి గోత్రం అడిగారు.

ఈలోగా 2025 జనవరి నుంచి కాలిఫోర్నియాలో ఒక చట్టం అమల్లోకొచ్చింది. డిజిటల్ సరుకు అమ్మేవాళ్లు, ఇచ్చేది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అనకూడదు. అది చదివిన దగ్గర్నుంచీ సారథిని గృహప్రవేశాలకి పిలవడం మానేశారు జనం. సత్యనారాయణ వ్రతం మధ్యలో, "కొన్నారా, లైసెన్సా?" అని అడిగితే ఎవరు పిలుస్తారు?

ఇలా ఆటల్ని చంపొద్దంటూ రాస్ స్కాట్ అనే ఆయన ఉద్యమం లేవదీస్తే, యూరప్‌లో సంతకాలు 2025 జులైలో పది లక్షలు దాటాయి. అందులో సారథి సంతకం లేదు. యూరోపియన్ యూనియన్ పౌరులే చేయాలట. దాంతో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న బావమరిదికి వారానికి రెండు ఫోన్లు: "పౌరసత్వం వచ్చిందా?" ఆ అబ్బాయి కరిగిపోయి, "బావగారికి నేనంటే ఎంత పట్టింపో" అని ఊళ్లో అమ్మకి చెప్పుకున్నాడు. కారణం తెలిశాక మాటల్లేవు.

మొన్న దీపావళి పాట్‌లక్‌లో ఎందుకో నేనే ఆఫీసు కబుర్లు అడిగాను. సారథి ఉద్యోగం పాత అప్లికేషన్లను మూసేయడం.

"శుక్రవారం ఐదింటికి ఇంకోటి ఆపేశానండీ" అన్నాడు ఉత్సాహంగా. "అకౌంట్స్‌లో ఒకావిడ ఏడ్చినంత పని చేసింది. పన్నెండేళ్లుగా అందులోనే రిపోర్టులు చేసుకుంటోందట. ఒక్క వారం ఉంచమంటుంది! మూడు మెయిళ్లు పెట్టాను. చదవరండీ మనుషులు."

అని, అల్లం పచ్చడి ఇటు జరపమన్నాడు.