అట్టడుగు అరలో ఆరోగ్యం

హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో ఆరోగ్య విప్లవం వచ్చేసింది. నమ్మనివాళ్ళు వెళ్ళి వెండింగ్ మెషీన్ ముందు గొంతుక్కూర్చోండి. విప్లవం అట్టడుగు అరలో ఉంటుంది మరి.

కంటికెదురుగా ఉన్న అరలన్నీ చిప్సు, క్రీమ్ బిస్కెట్లు, చాక్లెట్లు, కోలాలవి. ఇరవై రూపాయలు స్కాన్ చేస్తే చాలు, స్ప్రింగు గిర్రున తిరిగి ప్యాకెట్టు దబ్బున పడుతుంది. కిందన, ఆకుపచ్చ స్టిక్కరు అంటించిన వరుసలో గుప్పెడు మఖానా తొంభై రూపాయలు. దాని పక్కన రాగి కుకీలు. కవరు ముందువైపు పచ్చటి చేను, కంకులు, నవ్వుతున్న రైతు. వెనక్కి తిప్పితే మైదా, చక్కెర, పామోలిన్, ఆ తర్వాతెక్కడో రాగులు. ఏది ఎక్కువ బరువుంటే దాన్ని ముందు రాయాలన్నది మన దేశపు నిబంధన కాబట్టి ఆ మాత్రం నిజమైనా బయటపడింది. లేకపోతే రైతు నవ్వే మిగిలేది.

"ఎంపిక మీదే" అని మెషీన్ నెత్తిన రాసి ఉంటుంది. అబద్ధమేం కాదు. మధ్యాహ్నం మూడున్నరకి, ఒక కాల్ ముగిసి ఇంకో కాల్ మొదలయ్యేలోపు నడుం వంచి, కళ్ళజోడు సవరించుకుని, నాలుగింతలు డబ్బు కట్టి ఆరోగ్యాన్ని ఎంచుకుంటానంటే ఎవరైనా చెయ్యి పట్టుకున్నారా?

ఇదే నగరంలో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుని ఉందని హైదరాబాద్ యూనివర్సిటీ పరిశోధకులు 2025లో తేల్చారు. గంటల తరబడి కూర్చోవడం, రాత్రి షిఫ్టులు, ఒత్తిడి ఇవన్నీ ఉన్నాయి, మెషీన్ ఒక్కదాన్నే బోనెక్కించడం అన్యాయం. కాకపోతే ఆ కాలేయాలకు కూతవేటు దూరంలో సెలవు పెట్టకుండా 24 గంటలూ డ్యూటీ చేస్తున్నది అదొక్కటే.

సర్కారు మాత్రం ఊరుకుందా? 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ తన మీటింగుల్లో బిస్కెట్లు మాన్పించి వేయించిన సెనగలు, ఖర్జూరాలు, బాదంపప్పులు పెట్టమంది. 2025 జూన్‌లో ఆఫీసుల గోడల మీద, తిండిలో నూనె, చక్కెర ఎంతుందో చెప్పే బోర్డులు పెట్టమంది. సమోసాకూ జిలేబీకీ సిగరెట్టు పెట్టె గతి పట్టిందని టీవీలు గగ్గోలు పెట్టేసరికి, బండి మీద అమ్మే తిండికి హెచ్చరికలేం లేవని వివరణ ఇచ్చింది. బోర్డు గోడకి, సమోసా నోటికి. 300 మిల్లీలీటర్ల కోలాలో చక్కెర 30 గ్రాములు దాటుతుంది. రోజంతటికీ 25 గ్రాముల లోపుంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఈ సంగతి బోర్డు మీద చదువుకుంటూ అదే కోలా చప్పరించవచ్చు, ఏ నిబంధనా అడ్డురాదు.

బడి పిల్లల విషయంలో మాత్రం మనవాళ్ళకు బుద్ధి పనిచేసింది. కొవ్వు, ఉప్పు, చక్కెర మోతాదు మించిన తిండిని బడిలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపునా అమ్మకూడదని 2020లోనే నిబంధనలు రాశారు. అమలు సంగతి ఆ గేటు ముందున్న బండివాణ్ణి అడగండి, చెబుతాడు. పిల్లాడికి కాగితం మీదైనా 50 మీటర్ల రక్ష ఉంది. వాళ్ళ నాన్నకు సీటు నుంచి పది అడుగులు కూడా లేదు.

బోర్డుల మహిమ ఎంతో లోకానికి తెలియనిదేం కాదు. అమెరికాలో మినెసోటా పరిశోధకులు బడుల్లో, ఆఫీసుల్లో 55 మెషీన్ల మీద పరీక్షించి 2001లో ఫలితం అచ్చువేశారు. కొవ్వు తక్కువ చిరుతిళ్ళ ధర పది శాతం తగ్గిస్తే అమ్మకం 9 శాతం, పావు వంతు తగ్గిస్తే 39 శాతం, సగానికి సగం తగ్గిస్తే 93 శాతం పెరిగింది. లాభమేమీ దెబ్బతినలేదు. ప్రచార బోర్డుల వల్ల ఒరిగింది మాత్రం అంతంతే. అంటే పనిచేసేది ధర. మనవాళ్ళు ముట్టుకోనిదీ ధరే.

హెచ్‌ఆర్ దొరలకు ఒక్క విన్నపం. మూడు నెలలు పోస్టర్లు, వెబినార్లు, "వెల్‌నెస్ వారోత్సవాలు" కట్టిపెట్టండి. చిప్సును అట్టడుగుకు దించండి. వేయించిన పల్లీలు, సెనగలు కంటికెదురుగా పెట్టి పది రూపాయలకు అమ్మండి. నష్టమొస్తే యోగా దినోత్సవం టీషర్టుల బడ్జెట్టులోంచి కోసుకోండి.