పెద్దపేగు చెప్పిన నీళ్ళ లెక్క

నేను పెద్దపేగుని. పొట్టలో కుడివైపు అడుగున మొదలై, పైకెక్కి, అడ్డంగా సాగి, ఎడమవైపు దిగే సుమారు 1.5 మీటర్ల గొట్టాన్ని. నా గురించి జనంలో ఒక నమ్మకం ఉంది. తాగిన నీళ్ళే విరేచనంగా పోతాయని, కాబట్టి విరేచనాలు పట్టుకున్న బిడ్డకు నీళ్ళు మానిపిస్తే అవీ ఆగుతాయని. బిడ్డ దాహంతో ఏడుస్తున్నా పెద్దవాళ్ళు గుండె రాయి చేసుకుని గ్లాసు దాచేస్తారు. అది ప్రేమతో చేసే పనే, కానీ ప్రాణం తీసే పని. నా కథ చెప్పుకోవడానికి కారణం ఆ గ్లాసే.

ముందు మూత్రం సంగతి. మూత్రాశయమూ నేనూ మొదట్లో ఒకే ఇంటివాళ్ళం. తల్లి కడుపులో తొలి వారాల్లో నా చివరి భాగానికీ దానికీ ఒకటే గది. ఏడో వారం నాటికి మధ్యలో గోడ లేచింది. అప్పటినుంచి ఎవరి దారి వాళ్ళది. కోడికీ కాకికీ మాత్రం ఆ గది చివరిదాకా ఉంటుంది. రెట్టలో తెల్లగా కనిపించేది వాటి మూత్రమే. మనిషిలో మూత్రం నా దగ్గర పుట్టదు, రక్తంలోంచి పుడుతుంది. మూత్రపిండాలు రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని రక్తంలోంచి వడగట్టి, ఒకటి ఒకటిన్నర లీటరు తప్ప మిగతాదంతా తిరిగి రక్తానికే ఇచ్చేస్తాయి. తాగిన గుక్కెడు నీళ్ళు మూత్రం కావాలంటే ముందు పేగు గోడ దాటి రక్తంలో కలవాలి. కడుపులోంచి మూత్రాశయానికి అడ్డదారి ఏదీ లేదు.

ఇక మలంలో నీటి సంగతి. మనిషి రోజుకు నోటితో తీసుకునే నీరు దాదాపు రెండు లీటర్లు. దానికి లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, పేగులో ఊరే రసం కలిసి మరో ఏడు లీటర్లు తోడవుతాయి. అంటే పేగులో ప్రవహించే నీటిలో ఎక్కువ భాగం తాగింది కాదు, ఒంట్లోంచి వచ్చిందే. ఈ తొమ్మిది లీటర్లలో ఏడున్నర దాకా చిన్నపేగు పీల్చేస్తుంది. నాదాకా వచ్చే ఒకటిన్నరలో 100–200 మిల్లీలీటర్లు మాత్రమే మలంతో పోనిస్తాను. అవసరమైతే నాలుగు లీటర్లకు పైగా పీల్చగలను, అంతకు మించి వస్తే నా వల్ల కాదు. కలరాలో జరిగేది అదే. కలరా క్రిమి వదిలే విషమే నీటిని రప్పిస్తుందని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే కుందేలు పేగు మీద చూపించారు. ఆ విషం పేగు గోడను చీల్చదు. గోడలోని కణాల చేత క్లోరైడును ఆపకుండా బయటికి తోయిస్తుంది, దాని వెంట సోడియం, నీరు వస్తాయి. తీవ్రమైన కేసుల్లో గంటకు లీటరు దాకా పోతుంది. అంత నీరు ఏ రోగీ తాగి ఉండడు, అది రక్తంలోని నీరు. రోటా వైరస్ దారి వేరు: పీల్చుకునే కణాలనే నాశనం చేస్తుంది. పాలలోని చక్కెర అరగనివాళ్ళలో ఆ చక్కెరే నీటిని లాగుతుంది.

నీళ్ళు మానిపిస్తే ఏమవుతుంది? నీటికి కరువని మెదడు గుర్తించగానే వాసోప్రెసిన్ అనే హార్మోనును పంపుతుంది. మూత్రపిండాలు ఆ మాట విని మూత్రాన్ని రోజుకు అర లీటరుకు కుదిస్తాయి. ఆల్డోస్టెరోన్ అనే మరో హార్మోను వస్తే నేనూ ఉప్పును మరికొంత ఎక్కువ పీలుస్తాను. కానీ చిన్నపేగులో విషం మొదలుపెట్టిన ఊటను ఆపించే ఆజ్ఞ శరీరం దగ్గర లేదు. కాబట్టి నీళ్ళు ఆపితే తగ్గేది మూత్రం, విరేచనం కాదు. బిడ్డ ఆరేడు గంటలుగా మూత్రం పోయలేదంటే విరేచనాల లెక్క కన్నా ముందు భయపడాల్సింది దానికే.

తాగించగానే బిడ్డ విరేచనానికి వెళ్తున్నాడు కదా అంటారు. కళ్ళతో చూసిన విషయమే, కాదనను. కడుపు నిండగానే నన్ను కదలమని నరాల ద్వారా కబురు వస్తుంది. ఆరోగ్యవంతులకు తిన్న వెంటనే వెళ్ళాలనిపించేదీ అందుకే. అప్పుడు బయటికి వచ్చేది అంతకుముందే నాలో ఉన్న నీరు, ఇప్పుడు తాగింది కాదు. ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. పేగే పీల్చలేనప్పుడు నోటితో పోసి లాభమేమిటి? వైద్యులు కూడా చాలాకాలం ఇలాగే అనుకుని సెలైన్ మీదే ఆధారపడ్డారు. జవాబు 1960లో శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ చెప్పిన సంగతిలో ఉంది: చిన్నపేగు గోడ గ్లూకోజునూ సోడియంనూ జంటగా లోపలికి తీసుకుంటుంది. కలరా విషం ఆ జంట దారిని తాకదు, వాటి వెంట నీరూ లోపలికి పోతుంది. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ అయిపోతే వైద్యుడు దిలీప్ మహలనోబిస్ కలరా రోగులకు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించారు. నూటికి ముప్ఫై దాకా ఉన్న మరణాలు ఆయన బృందం చూసిన రోగుల్లో నాలుగు లోపుకు దిగాయి.

అందుకే వట్టి నీళ్ళు చాలవు. కూల్‌డ్రింకులు అసలే వద్దు, వాటిలోని అతి చక్కెర నీటిని పేగులోకే లాగుతుంది. ఉప్పు, గ్లూకోజు కలిపి అమ్మే ఓఆర్ఎస్ పొట్లం ఉంటే దాని మీద రాసినన్ని నీళ్ళలోనే కలపాలి. లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చదును టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. రెండేళ్ళలోపు బిడ్డకు విరేచనం అయిన ప్రతిసారీ 50–100 మిల్లీలీటర్లు, కొంచెం కొంచెంగా పట్టాలి. తల్లిపాలు, తిండి మానిపించకూడదు. దీంతో విరేచనాలు వెంటనే కట్టవు, నిజమే. పోయిన నీరు మాత్రం తిరిగి వస్తుంది, ప్రాణం నిలవడానికి కావలసింది ముందు అదే. కట్టించే మాత్రలు నా కదలికను ఆపుతాయి తప్ప పోయిన నీటిని తిరిగివ్వవు. చిన్నపిల్లలకు అవి ప్రమాదం కూడా. మలంలో రక్తం కనిపించినా, బిడ్డ తాగలేకపోయినా, మత్తుగా పడివున్నా ఇంట్లో ఆగకూడదు. తాగగలిగినంత తాగిస్తూనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.