కునుకు తీస్తే కేసే!

శాన్‌ఫ్రాన్సిస్కో నడిబొడ్డున, సిటీహాలుకు కూతవేటు దూరంలో పెద్ద లైబ్రరీ ఉంది.

లోపలికి వెళ్లడానికి కార్డు అడగరు. కాఫీ కొనమనరు. అందుకే ఇల్లు లేనివాళ్లు పొద్దున్నే వచ్చేస్తారు.

కూర్చోవచ్చు. చదువుకోవచ్చు. కునుకు మాత్రం తీయకూడదు.

(మన చట్టసభల్లో కూడా ఇంత కట్టడి లేదు.)

సరే, బయటికెళ్లి పడుకుందామంటే? 2024లో అమెరికా సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో తేల్చేసింది: షెల్టర్‌లో చోటు లేకపోయినా సరే, ఆరుబయట పడుకున్నవాణ్ని ఊరు శిక్షించవచ్చు!

ఆ కేసుకు మూలమైన ఒరెగాన్ పట్టణం గ్రాంట్స్‌పాస్‌లో అప్పట్లో జరిమానా 295 డాలర్లు. కట్టకపోతే 537 దాటేది. అంత సొమ్ముంటే వాడు లాడ్జిలో పడుకోడూ? ఇంతకీ నోటీసు ఏ ఇంటి నంబరుకు పంపేవారో!

ఫ్లోరిడాలోని వెస్ట్ పామ్ బీచ్ ఇంకో ఆకు ఎక్కువే చదివింది. ఆరుబయట పడుకునేవాళ్లు లేచిపోయేలా 2019లో రాత్రంతా ‘బేబీ షార్క్’ పాట మోగించింది. పసిపిల్లల్ని ఆడించే పాటతో పెద్దవాళ్లను పరుగెత్తించడం అక్కడి పాలన.

పాపం, శాన్‌ఫ్రాన్సిస్కో లైబ్రరీ 2009లోనే ఒక సోషల్ వర్కర్‌ను పెట్టుకుంది. మత్తుమందు ఎక్కువై పడిపోయినవాళ్లకు ఊపిరి పోయడం కూడా సిబ్బంది నేర్చుకున్నారు. ఇక మిగిలింది ఇళ్లు కట్టించడమే. అదీ పుస్తకాల బడ్జెట్లోనే కానిచ్చేస్తే సిటీహాలుకు శ్రమ తప్పుతుంది.

అన్నట్టు, 2019లో ఆ లైబ్రరీ ఆలస్య రుసుములు ఎత్తేసింది. పుస్తకం ఎవరింట్లోనైనా నాలుగు రోజులు ఎక్కువ పడుకున్నా ఫైన్ లేదు.